లాటిను గానమును తెలుగు కీర్తనయు

లాటిను గానమనగానే మన బాలురు నవ్వుదురు. అర్థము తెలియని భాష, తాళము లేని పాట, పైగా కతోలిక సంఘమువారిది. అది మనకేల యని వారి తలంపు. మేమును బాల్యమున నట్లే తలంచితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట, నరసరావుపేట దాటి గుంటూరు పోవు త్రోవలోనున్న ఫిరంగిపురమున నొక వృద్ధుడు మాకు లాటిను స్తోత్రమొకటి పాడి వినిపించెను. 1963లో వాటికను మహాసభ దేశభాషల కనుమతి నిచ్చుటకు పూర్వము మన సీమలోని కతోలిక దేవాలయములయందు పూజ లాటినులోనే జరిగెడిది; ఆయన యది బాల్యమున నేర్చినది. అర్థమేమని యడుగగా, "పంతులుగారూ, అర్థము ఫాదరుగారికి తెలుసు, నాకు పాట తెలుసు" అని నవ్వెను. ఇది గొప్ప లోపమే. తెలియని మాటతో ప్రార్థించుటకు మేమొప్పము. అయినను ఆ పాటలోని యొక గుణము మమ్ము విడువలేదు. మాట ముందు నడచుచుండెను, రాగము దాని వెంట పోవుచుండెను.

ఆ గానమునకు 604లో మృతినొందిన గ్రెగొరీ పోపుగారి పేరు పెట్టినను, అది రూపుగొన్నది 8, 9 శతాబ్దములయందు ఫ్రాంకుల దేశముననని పండితులు చెప్పుదురు. అందరును ఒకే వరుసను పాడుదురు. కొలిచిన తాళము లేదు. వాక్యమెక్కడ ఆగునో పాటయు నక్కడనే యాగును. అందు పెక్కు పాఠములు దావీదు కీర్తనలే. లూథరుగారు సహితము దానిని పారవేయలేదు. 1524లో ప్రాచీన లాటిను స్తోత్రములు కొన్నింటిని జర్మనులోనికి మార్చి, రాగములను గూడ ఆ భాష నడకకు సరిదిద్దిరి.

మనయందు జరిగినది వేరు. 1842లో హయ్యరుగారు గుంటూరు వచ్చిరి. అట్టి మిషనరీలు తమ దేశపు రాగములను వెంట తెచ్చిరి. వారి ప్రేమను మేము శంకింపము. గాని తెలుగు మాటలు పొడుగు, ఆ రాగముల పాదములు పొట్టి. నడుమ దీర్ఘములు నలిగిపోవుచున్నవి. మొన్న ప్రార్థనలో నొక తరగతివారు "పాపము"ను "పపము"గను, "జీవము"ను "జివము"గను మార్చి మహోత్సాహముతో పాడిరి. వ్యాకరణ పరీక్షయందైనచో గుండుసున్న వేసియుందుము! దేవుని సన్నిధిలో నెవరును గమనింపలేదు.

పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలట్టివి కావు. అక్షరమెరుగని మా తల్లిగారు ప్రత్తి తీయుచు, మిరపకాయలు కోయుచు వానిని పాడెడివారు; ఒక్క దీర్ఘమును చెడనీయలేదు. రాగములు దేవళముల సొత్తని కొందరు తలిదండ్రులు సంకోచింతురు. ఈ వినుకొండలో 1895లో పుట్టిన జాషువగారు, తమ్ము దూరముంచినవారి పద్యమునే చేపట్టి "క్రీస్తు చరిత్ర" వ్రాయలేదా?

కావున వారమునకు మూడు దినములైనను ప్రార్థనలో కీర్తనలే పాడింపవలెనని మా కోరిక. ఆంగ్ల రాగముల పాటలను మానుమనము; పాడుటకు ముందు మాటలను గద్యమువలె నొకమారు చదివించి, నలిగిన చోట్లు దిద్దిన చాలును.

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతివారిచే 23వ కీర్తనను హార్మోనియము లేక, తాళము లేక, ఒకే స్వరముపై, వాక్యమాగినచోట నాగుచు పాడించితిమి. మొదటి దినము నవ్విరి. మూడవ దినము వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "అయ్యా, లోయ యను మాటవద్ద ఇంకొంచెము సేపు ఆగుదుమా?" అని యడిగెను.