కూడి వినుట మానదగునా?

"పాటలన్నియు చేతి ఫోనులోనే యున్నవి, వినుటకు పదిమంది కూడనేల?" అని కొందరి వాదము. దీనిని మేమంగీకరింపజాలము.

1938లో మదరాసు, 1948లో విజయవాడ రేడియో కేంద్రములు వెలసిన పిమ్మట, కోలారు బంగారు గనుల తెలుగువారిలో రేడియో గల యిల్లే ఇరుగుపొరుగునకు సభాస్థలి. ఏరియలు కట్టుట, రికార్డులు మార్చుకొనుట, పాటపై వాదులాడుట ఆనాటి వేడుక. 2001లో గనులు మూతపడి కుటుంబములు చెదరినవి, నిజమే. మిగిలిన మనమైనను కూడితిమా?

మన పిల్లలు బడిలో కన్నడము, ఆంగ్లము చదువుదురు. పలువురకు తెలుగు లిపి రాదు. వారికి భాష చెవి ద్వారమున రావలసినదే. ఫోను పాట వినిపించును; తెలియని మాటకు అర్థము చెప్పు అవ్వ అందు లేదు.

నెలకొక సాయంకాలము ఒక్కొక్క యింట కూడుదము. అటకపైనున్న టేపులను బూజుపట్టకమునుపే దింపుదము.