అటక మీది సీసాలు

ఆస్తి పంపకాల్లో అందరూ మరిచిపోయేది అటక. పొలం కొలతలు తేలతాయి, బంగారం తూకం తేలుతుంది, పెద్దాయన చేతి గడియారం ఎవరికన్న తగువూ ఎలాగో తీరుతుంది. తీరా ఇల్లు ఖాళీ చేసే రోజున నిచ్చెన వేసి చూస్తే గోనె సంచుల్లో, ఎండుగడ్డి మధ్య, లెక్కలేనన్ని సీసాలు. సోడా సీసాలు, సిరా బుడ్లు, అత్తరు బుడ్లు, మందు సీసాలు, ఎందుకు వాడేవారో ఎవరికీ తెలియనివి కొన్ని. ఆయన ఉండగా ‘ఈ చెత్తంతా ఎందుకు నాన్నా’ అని విసుక్కున్నవాళ్లే ఇప్పుడు ఫోన్లో వెతుకుతారు. ఏ దేశంలోనో ఏదో సీసా వేలంలో పలికిన ధర చూసి నోరెళ్లబెడతారు. ఆ వెంటనే బకెట్టు నిండా సబ్బునీళ్లు కలిపి అన్నిటినీ అందులో నానేస్తారు. సగం విలువ ఆ బకెట్లోనే కరిగిపోతుంది.

ఎందుకంటే పాత సీసాలో గాజుకు పెద్ద ధర లేదు. తూకానికి వేస్తే పాత సామాన్లవాడు ఇచ్చే చిల్లర ఆటో ఖర్చుకు చాలదు. ధర పలికేదంతా సీసాను అంటిపెట్టుకుని వచ్చిన సమాచారానికి. చిరిగిన చీటీ, బిరడా, అడుగున అంటిన మడ్డి, ఏ ఊళ్లో ఎవరింట్లో దొరికిందన్న ముక్క. నీళ్లలో ముందుగా ఊడిపోయేవి ఇవే.

కడిగినా పోనివీ ఉన్నాయి. అచ్చు రెండు భాగాలు కలిసినచోట గాజు మీద సన్నటి గీత పడుతుంది. దాని వెంట గోటిని పైకి జరుపుతూ పోవాలి. గీత మెడ దగ్గర ఆగిపోతే, ఆ సీసాను ఎవరో గొట్టంతో అచ్చులోకి ఊది, మూతిని తర్వాత పనిముట్టుతో విడిగా తీర్చారని అర్థం. మూతి అంచు దాకా పాకితే అది యంత్రం పని. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ తన యంత్రంతో 1903లో కంపెనీ పెట్టాక నెమ్మదిగా ఊదే చేతుల అవసరం తగ్గిపోయింది. అడుగున గరుకైన గుండ్రటి మచ్చ కనిపిస్తే ఇంకా వెనక్కి వెళ్లవచ్చు. మూతి తీర్చేటప్పుడు సీసాను పట్టి ఉంచిన ఇనుప కడ్డీని విరిచిన గుర్తు అది. 19వ శతాబ్దం రెండో సగంలో చాలా కర్మాగారాలు ఆ పద్ధతిని వదిలేశాయి. ఇక గాజులో బుడగలు కనిపిస్తే పాతదేనని బేరగాళ్లు గట్టిగా చెబుతారు. నిన్న చేత్తో ఊదిన గాజులోనూ బుడగలు ఉంటాయి.

రంగు దగ్గర మోసపోవడం మరీ తేలిక. ఇసుకలో కలిసివచ్చే ఇనుము గాజుకు పచ్చని ఛాయ తెస్తుంది. దాన్ని పోగొట్టి తెల్లగా చేయడానికి మాంగనీసు కలిపేవారు, గాజు పనివాళ్లు దాన్ని గాజు సబ్బు అనేవారు.  అలా చేసిన గాజు ఏళ్ల తరబడి ఎండలో పడి ఉంటే లేత వంగపండు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు మీద మోజు పెరిగాక, ఎండ కోసం ఆగకుండా కిరణాలు ప్రసరింపజేసి గంటల్లో రంగు తెప్పించేవాళ్లు తయారయ్యారు. రంగు మరీ చిక్కగా ఉంటే అనుమానించడమే మంచిది. ముదురు నీలం రంగులో, ఆరు పలకలుగా, ఒళ్లంతా గాట్లతో ఉన్న సీసా దొరికితే మాత్రం వాసన చూడకండి. చీకట్లో తడిమినా విషమని తెలియాలని ఇంగ్లండులో అలా పోతపోసేవారు.

మన అటకల మీద తప్పకుండా కనిపించేది గోళీసోడా. లండన్ ఇంజినీరు హైరమ్ కాడ్ 1870లలో దీనికి పేటెంటు తెచ్చుకున్నాడు. మూతి లోపల రబ్బరు వలయం, మెడలో గోళీ. గ్యాసు నింపేటప్పుడు సీసాను తలకిందులు చేస్తారు. గోళీ వలయం మీదికి జారుతుంది, లోపలి ఒత్తిడి దాన్ని అక్కడే బిగించి పడుతుంది. బొటనవేలితోనో చెక్క మేకుతోనో నొక్కితే ‘కుయ్’మని లోపలికి దిగుతుంది. తాగేటప్పుడు గోళీ మళ్లీ మూతికి అడ్డం పడకుండా మెడలో రెండు నొక్కులు ఉంటాయి. సీసాను ఆ నొక్కులవైపు వంచి తాగడం తెలియనివాడికి గుక్కెడు సోడా కూడా రాదు. ఇంగ్లండు పిల్లలు గోళీల కోసం ఈ సీసాలను పగలగొట్టేవారు. మన దగ్గర సీసా కొట్టువాడి సొత్తు, తాగి అక్కడే ఇచ్చిపోవాలి. కనుక ఒక్కో సీసా ఏళ్ల తరబడి చేతులు మారి, పెట్టెల్లో ఒరుసుకుని, నడుం దగ్గర మసకబారి ఉంటుంది. బార్న్స్‌లీలాంటి యార్క్‌షైర్ ఊళ్లలో పోతపోసిన సీసా మీద మన ఊరి సోడా కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో కనిపిస్తే, ఆ మసకను చూసీచూడనట్టు ఊరుకోవచ్చు. మూతి పెచ్చు ఊడితే మాత్రం సేకర్తలు క్షమించరు. అయితే గోళీ సీసాలు ఈ దేశంలో నిన్నమొన్నటి దాకా పోతపోస్తూనే ఉన్నారు. గోళీ ఉన్నంత మాత్రాన తాతలనాటిది కాదు.

అమ్మకానికి పెట్టిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. చూడాల్సింది రెండోదాన్ని. బేరం గురించి అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

ధరే పలకని సీసాల గురించి చెప్పాలి. వెనుకటి కాంపౌండరు మందు కలిపిచ్చేవాడు. సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. కడిగిన సీసాలో ఎర్రమందో తెల్లమందో పోసి, కాగితాన్ని పొడుగ్గా మడిచి అంచును కత్తెరతో రంపపు పళ్లలా కత్తిరించి, విప్పి పక్కన అతికించేవాడు. ఒక పన్ను నుంచి ఇంకో పన్ను దాకా ఒక మోతాదు. అక్షరం రాని మనిషి కూడా పూటకు ఎంత తాగాలో, ఇంకా ఎన్ని పూటలకు ఉందో చూసి చెప్పగలిగేవాడు. ఇప్పుడు అటక మీద ఆ కాగితం ముక్క మిగిలి ఉన్న సీసా దొరికితే ఏ వేలంలోనూ ఎవరూ పాడరు. మా దృష్టిలో సంచి మొత్తానికీ అదే అరుదైనది. అలాంటి సీసాలకు ఖరీదు లేదని తోమి, ఇప్పటికే ఎన్నిటిని మనీప్లాంట్ కుండీలుగా మార్చేశామో!

చీటీలున్న మందు సీసాలను వరసగా నిలబెడితే తెలుగు పత్రికల చరిత్రలో కొంత భాగం కనిపిస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారంటారు. తలనొప్పికి ఊరూరా ఇంటింటా పూసుకున్న ఆ పసుపు మందు సంపాదనే 1908లో ఆంధ్రపత్రికకు ఊపిరి పోసింది. తర్వాత అదే సంపాదన 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా, 1924లో ‘భారతి’ మాసపత్రికగా పాఠకుల చేతికి వచ్చింది. అదే మద్రాసులో డాక్టర్ కేసరి ఆడవాళ్ల కోసం ‘లోధ్ర’ అమ్మారు, 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టారు, రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగారు. ఆ మాటకొస్తే ఈ రెండు సీసాలూ లేకుండా మన సాహిత్యం మీద ఎంత పరిశోధన రాసినా కొంత వెలితే. 1920 నుంచి హైదరాబాదు ఇళ్లలో జలుబుకూ దగ్గుకూ దిక్కయిన జిందా తిలిస్మాత్ బుడ్డిని కూడా ఈ వరసలోనే పెట్టాలి.

కనుక సీసాలు దించేవాళ్లు ముందు వేరుచేయాల్సింది ఖరీదైనవాటినీ చవకవాటినీ కాదు, చీటీ ఉన్నవాటినీ లేనివాటినీ. దుమ్మును మెత్తటి కుంచెతో దులిపితే చాలు. ఏ సీసా ఎక్కడ దొరికిందో తెలిసినంత మేరకు చిన్న అట్టముక్క మీద రాసి, దారంతో మెడకు కట్టాలి, జిగురు పెట్టకూడదు. సేకరించినాయన తానే ఒక నోటుపుస్తకంలో అవన్నీ రాసుకుని ఉండవచ్చు. అది సాధారణంగా పాత కరెంటు బిల్లుల కట్టలో ఉంటుంది, బిల్లులతో పాటే చిత్తు కాగితాల కింద వెళ్లిపోతుంది. మ్యూజియంవాళ్లకైనా, కొనేవాళ్లకైనా సీసా చేతికివ్వగానే వచ్చే మొదటి ప్రశ్న ‘ఇది మీకెక్కడిది’ అనే. ఆ పుస్తకం పోయాక జవాబు చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు.

ఇక అమెరికా నుంచి వచ్చిన మనవడు తాతగారి గుర్తుగా ఒకటి సూట్‌కేసులో వేసుకుంటానంటాడు. నూరేళ్లు దాటి, ఒకనాటి వృత్తులనో అలవాట్లనో చూపించే వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అలాంటిదాన్ని దేశం దాటించడం నేరం. పురావస్తు శాఖవాళ్లను అడిగి తెలుసుకున్నాకే సర్దుకోవాలి. అతనికి కావాల్సింది గోళీ చప్పుడే అయితే ఇంత హైరానా అక్కర్లేదు. జపానువాళ్లు ‘రామునే’ అనే సోడాను నేటికీ అదే కాడ్ మూతితో, గోళీతో సహా అమ్ముతున్నారు. అమెరికాలోని ఆసియా సరుకుల కొట్లలో అడిగితే దొరుకుతుంది.