రొయ్య తినేవాడి నీతి - గుంట కాసేవాడి కూలి

వాకాడు నుంచి సముద్రం దిక్కుకు పోతూ ఏ రొయ్యల గుంట గట్టు మీదనైనా ఆగి కాపలా మనిషిని అడగండి, ఈ తూరి కూలి ఎందుకు పెరగలేదని. అతను గుంట రైతును చూపిస్తాడు. రైతునడిగితే ఏజెంటును చూపిస్తాడు. ఏజెంటు ప్లాంటును, ప్లాంటువాళ్ళు ఎగుమతిదారును చూపిస్తారు. ఎగుమతిదారు మాత్రం సముద్రం అవతలికి వేలు చూపిస్తాడు. "అమెరికాలో, యూరపులో తినేవాళ్ళకు పట్టింపు ఎక్కువైంది. మందులు వాడొద్దంటారు, తాబేలు చావకూడదంటారు, నేల చెడకూడదంటారు, కూలీల హక్కులంటారు. వాళ్ళ షరతులకే మాకు ఖర్చయిపోతుంటే మీకేం పెంచేది?" అంటాడు.

ఈ మాటలో నిజమెంత, నాటకమెంత అన్నది తేల్చుకోవాలి. దీని మీద ఇప్పుడు రెండు వాదాలు నడుస్తున్నాయి. ఇదంతా మన సరుకును అడ్డుకోడానికి ధనిక దేశాలు పన్నిన ఎత్తుగడ అని ఎగుమతిదార్లూ, వారి వెనక ప్రభుత్వాలూ అంటున్నాయి. అన్యాయంగా తయారైన రొయ్యను కొనడం మానేస్తే సరి, అన్నీ చక్కబడతాయి అని అక్కడి మంచి మనుషులు కొందరు అంటున్నారు. వ్యవసాయ కూలీలకు ఈ రెండూ పనికిరావు. షరతుల్లో చాలా భాగం న్యాయమైనవే. వాటి ఖర్చు ఎవరి నెత్తిన పడుతున్నదన్నదే అసలు తగాదా.

ఉప్పెక్కిన బావి సంగతి ముందు చెప్పింది మనమే

పర్యావరణం గోల పరాయి దేశాల నుంచి దిగుమతి అయిందనేవాళ్ళు పాత సంగతులు మరిచిపోయారు. 1990 తర్వాత ఈ తీరంలో టైగర్ రొయ్య జోరు మొదలైనప్పుడు నేను బడికి పోయే పిల్లవాణ్ణి. మా అమ్మ నాట్లకు పోయే కయ్యలు రెండేళ్ళలో గుంటలయినాయి. ఎకరా వరికి నాటు, కలుపు, కోత, కుప్ప, నూర్పు అని ఆడామగా అందరికీ పని ఉండేది. గుంట తవ్వడానికి యంత్రం వచ్చింది. తర్వాత కాపలాకు ఒక మనిషి, పట్టుబడి రోజు కొందరు. మిగిలినవాళ్ళకు పని లేదు. గుంట పక్క బావిలో నీళ్ళు ఉప్పెక్కినాయి. బిందె పట్టుకుని మైళ్ళు నడిచింది ఆడవాళ్ళే.

ఇది ఒక్క మా ఊరి కథ కాదు. నెల్లూరు జిల్లాలో కుర్రు అనే మత్స్యకార గ్రామం చుట్టూ గుంటలు వచ్చి తాగే నీళ్ళు లేకుండా పోతే ఆడవాళ్ళు తిరగబడ్డారు, ఆ తర్వాతే ట్యాంకర్లు వచ్చాయి. ఆ ఊరి సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో ఉన్న రొయ్యల పరిశ్రమలను తొలగించమన్నారు. సాగు భూములను, ఉప్పు కొటార్లను, మడ అడవులను, ఊరుమ్మడి భూములను గుంటలు చెయ్యకూడదన్నారు. తరతరాల పద్ధతిలో రొయ్యలు పెంచేవాళ్ళ జోలికి మాత్రం పోలేదు. రొయ్యల వల్ల వచ్చే లాభం కంటే నేలకూ మనుషులకూ జరిగే నష్టమే ఎక్కువని నాగపూరులోని పర్యావరణ పరిశోధనా సంస్థ 'నీరి' ఆ కోర్టుకే లెక్క కట్టి చెప్పింది.

ఆ తీర్పులో ఇంకొక మాట ఉంది. దాన్ని ఇప్పుడు ఎవరూ గుర్తు చెయ్యరు. మూసేసే గుంటల్లో ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికులకు చట్టప్రకారం ఇచ్చే నష్టపరిహారం కాక, అదనంగా ఆరేళ్ళ జీతం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. నేల చెడగొట్టినవాడి తప్పుకు కూలివాడి పొట్ట కొట్టకూడదన్న న్యాయం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

తర్వాత జరిగింది ఏమిటి? తీర్పు పూర్తిగా అమలు కాకుండానే అడ్డంకులు వచ్చాయి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, తీరంలో గుంటలకు వెనకటి తేదీ నుంచే రక్షణ కల్పించింది. ఆ అథారిటీలో హైకోర్టు న్యాయమూర్తి స్థాయి అధ్యక్షుడున్నాడు. నిపుణులున్నారు, వ్యవసాయ, పర్యావరణ, వాణిజ్య శాఖలవాళ్ళున్నారు, రాష్ట్రాల ప్రతినిధులున్నారు. గుంటలో దిగే కూలివాడికి అక్కడ కుర్చీ వెయ్యలేదు. ఆరేళ్ళ జీతం మాట ఆ చట్టంలోకి రానేలేదు.

తాబేలు నేర్పిన పాఠం

ఇక విదేశీ షరతుల సంగతి. సముద్రంలో రొయ్యల వలలో పడి తాబేళ్ళు చస్తున్నాయని అమెరికా 1989లో ఒక చట్టం చేసింది. తాబేలు తప్పించుకుపోయే చట్రం వలకు బిగించని దేశాల సముద్రపు రొయ్య కొనమన్నది. 1996 నుంచి దీన్ని అన్ని దేశాలకూ వర్తింపజేశారు. మన దేశం, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. తాబేలును కాపాడాలన్న ఉద్దేశం తప్పు కాదు, దాన్ని అమలు చేసిన తీరులో వివక్ష ఉంది, అన్నదే దాని సారం. కరీబియన్ దిక్కు దేశాలకు చట్రం అలవాటు చేసుకోడానికి మూడేళ్ళు గడువిచ్చి, మనలాంటి దేశాలకు నాలుగు నెలలే ఇచ్చారని కూడా ఆ తీర్పు ఎత్తి చూపింది.

ఇది మనకు ఉపయోగపడే తీర్పు. షరతు న్యాయమైనదే కావచ్చు. గడువూ, సాయమూ, సంప్రదింపూ లేకుండా మెడ మీద పెడితే అదే షరతు అన్యాయమవుతుంది. 2019లో మన సముద్రపు రొయ్యకు అమెరికా మళ్ళీ తలుపు మూసింది. నష్టపోయింది వేటకు పోయే పడవలవాళ్ళు. గుంటలో పెంచిన రొయ్యకు ఈ నిషేధం వర్తించదు. అంటే ఏమయింది? తాబేలును కాపాడే చట్టం వేటగాడికి దారి మూసి, బావిని ఉప్పుచేసిన గుంటకు దారి తెరిచే పెట్టింది. ఒక్క కన్నుతో చూసే నీతి ఇట్టాగే ఉంటుంది.

బరువు కిందికి జారే దారి

నిషిద్ధ మందుల సంగతి చూడండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల జాడ ఉంటే యూరపు సరుకు తీసుకోదు. 2016లో మన గుంట రొయ్యల తనిఖీని నూటికి పది సరుకుల నుంచి యాభైకి పెంచారు. ఈ షరతు మంచిదే. ఆ మందు తినేవాడికే కాదు, ఉత్త చేతుల్తో మేతలో కలిపేవాడికీ మంచిది కాదు. అయితే గుంట రైతుల్లో చాలామంది కౌలుదార్లు. మేత అప్పు, సీడ్ అప్పు, కరెంటు బిల్లు. తెల్లమచ్చ రోగం వస్తే మొత్తం పోతుంది. అట్టాంటి వాడికి మేత అప్పిచ్చే దుకాణం వాడే డాక్టరు. కంటెయినరు వెనక్కి వస్తే పరీక్ష ఖర్చు, తరుగు, తగ్గింపు అన్నీ కౌంటు ధరలోనే కోస్తారు. రైతు తన వంతుగా కాపలావాడి జీతంలో, పట్టుబడి కూలిలో కోస్తాడు. ఆ కింద కొయ్యడానికి ఇంకెవరూ లేరు.

షరతు లేకపోయినా బరువు ఈ దారినే జారుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు అందులో నీతీ లేదు, తాబేలూ లేదు. అప్పుడూ గట్టు మీదనే ధర పడింది. కాబట్టి కూలి పెరగకపోవడానికి షరతులే కారణమని ఎగుమతిదారు చెప్పే మాట నిలవదు. 2024-25లో దేశం నుంచి ఎగుమతైన గడ్డకట్టిన రొయ్య విలువ 43 వేల కోట్ల రూపాయల పైమాట. అందులో పెద్ద భాగం ఆంధ్ర గుంటల నుంచి పోయిందే. ఆ 43 వేల కోట్ల వ్యాపారంలో చేతికి తొడుగుల జత కొనడానికి డబ్బు లేదంటే ఎవరు నమ్మాల?

ఇక సర్టిఫికెట్ల సంగతి. బాధ్యతగా పెంచిన రొయ్య అని ముద్ర వెయ్యడానికి విదేశాల్లో సంస్థలున్నాయి. పెద్ద దుకాణాలు ఆ ముద్ర చూసి కొంటాయి. తనిఖీకి అయ్యే ఖర్చు తనిఖీ చేయించుకునేవాడే భరిస్తాడు. తలలు తీసే పనికి పోయే ఆడవాళ్ళు ఒకసారి సంఘం మీటింగులో నాతో అన్న మాట ఇది. "రేపు దొరలొస్తారు, కొత్త బూట్లు, టోపీలు వేసుకోండి, ఎనిమిది గంటలే చేస్తన్నామని చెప్పండి అన్నారన్నా. వాళ్ళు పోయినాక బూట్లు తిరిగి తీసుకున్నారు." మేం తాగే నీళ్ళ గురించి ఆ దొరలు అడిగారా అంటే, "మమ్మల్ని ఎవురడిగినారు?" అన్నది ఒకామె.

2024 మార్చిలో షికాగోలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ మన రాష్ట్రపు రొయ్య మీద నివేదిక వేసింది. షెడ్లలో, ప్లాంట్లలో పరిస్థితులను, అప్పులతో కట్టేసే పద్ధతిని, నీళ్ళూ నేలా చెడడాన్ని రాసింది. అమెరికా దుకాణాలు ధర అణగదొక్కడాన్ని కూడా వేలెత్తి చూపింది. ఎగుమతిదార్లు కాదన్నారు. ఆ సెప్టెంబరులోనే అమెరికా కార్మిక శాఖ బలవంతపు చాకిరీతో తయారయ్యే సరుకుల జాబితాలో భారత రొయ్యను చేర్చింది. మన పత్రికల్లో దేశ ప్రతిష్ఠ గురించి చాలా రాశారు. ఆ షెడ్లలో ఉన్నవాళ్ళ గురించి రాసింది తక్కువ. గుంటల మీద కాపలా ఉండే యానాది కుటుంబాల వెట్టి ఈ జిల్లాకు కొత్తదా? దాన్ని అమెరికావాడు చెబితేనే తెలుసుకోవాలా?

బంగ్లాదేశ్ వైపు చూడండి

కొనడం మానేయడమే మందు అనేవాళ్ళకు బంగ్లాదేశ్ జవాబు చెబుతుంది. పిల్లలు కుట్టిన బట్టలు రానివ్వమని అమెరికాలో హార్కిన్ అనే సెనేటరు బిల్లు పెట్టాడు. బిల్లు పాసు కాకముందే, 1993లో, భయపడిన యజమానులు వేలాది పిల్లల్ని గేటు బయటికి నెట్టేశారు. ఆ పిల్లలు బడికి పోలేదు. కొందరు రాళ్ళు కొట్టే పనికి, ఇంకా హీనమైన పనులకు పోయారని యునిసెఫ్ తరవాత తేల్చింది. 1995లో ఒప్పందం చేసుకుని, పిల్లలకు బడీ, నెలనెలా కొంత డబ్బూ ఏర్పాటు చేసినాకనే కొంత మేలు జరిగింది.

రెండో పాఠం 2013 ఏప్రిల్‌ది. రాణా ప్లాజా భవనం కూలి పదకొండు వందల మందికి పైగా చచ్చిపోయారు. ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీలకు తనిఖీ కాగితాలు ఉండనే ఉన్నాయి. కాగితం పైకప్పును మొయ్యలేదు. ఆ తర్వాత విదేశీ బట్టల కంపెనీలు కార్మిక సంఘాలతో కలిసి సంతకం పెట్టిన ఒప్పందం వచ్చింది. భవనాల మరమ్మతుకు డబ్బు సమకూరేట్టు చూడడం, మాట తప్పితే జవాబు చెప్పుకోవడం అందులో కొనేవాళ్ళ బాధ్యత. ఆ ఒప్పందంతో బంగ్లాదేశ్‌లో అన్యాయమంతా పోయిందని నేను అనను. కొనేవాడి నీతికి చట్టబద్ధంగా ధర కట్టవచ్చునని మాత్రం అది రుజువు చేసింది.

మనం అడగవలసింది

అంచేత మన సంఘం ఎగుమతిదారు వెనక నిలబడి 'విదేశీ కుట్ర' అని అరవకూడదు. విదేశీ కొనుగోలుదారుకు దండం పెట్టి ఊరుకోనూ కూడదు. మన డిమాండ్లు మనకున్నాయి.

ఒకటి: షరతుతో పాటు ధర రావాలి. పరీక్షకూ, శుభ్రతకూ, కూలీల రక్షణకూ అయ్యే ఖర్చు కొనేవాడి కాంట్రాక్టులో రాయాలి, గట్టు మీద కౌంటు ధరలో కొయ్యకూడదు.

రెండు: తనిఖీలో కూలీల సంఘం ఉండాలి. తనిఖీ ఫలితం తెలుగులో రాసి ప్లాంటు గేటు మీద, పంచాయతీ ఆఫీసులో అంటించాలి.

మూడు: తప్పు దొరికితే కొనేవాడు సరుకు వదిలేసి ఇంకో దేశానికి పారిపోకూడదు. సరిచేసేదాకా కూలీలకు జీతం ఇప్పించాలి. 1996 తీర్పులోని ఆరేళ్ళ జీతం మాట మనకు ఆధారం.

నాలుగు: ప్రభుత్వం కనీస వేతనం అమలు చేయాలి, గుంట కాపలావాళ్ళకు గుర్తింపు కార్డులివ్వాలి. అథారిటీలో కూలీలకూ మత్స్యకారులకూ స్థానం ఇవ్వాలి. ఏ గుంటకు రిజిస్ట్రేషన్ ఉందో ఊళ్ళో అందరికీ తెలియాలి. ఉప్పెక్కిన ఊళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడం దానధర్మం కాదు, బాకీ.

ఇవి సాధించాలంటే రెండెకరాల గుంట కౌలుదారును శత్రువుగా చూడడం మానుకోవాలి. అతనూ అప్పుల్లోనే ఉన్నాడు. పడవలవాడు, గుంట కౌలుదారు, కాపలా మనిషి, షెడ్డులో తలలు తీసే ఆడమనిషి ఒక చాప మీద కూచుని లెక్క వేసుకోవాలి. తినేవాడు ఇచ్చే దాంట్లో గట్టు మీదకు వచ్చేది ఎంత, మధ్యలో ఆగేది ఎంత అన్నది ముందు తేలాల. మా వాకాడు దిక్కున ఆ పని మొదలుపెట్టినాం. పట్టుబడి చీటీలు, మేత దుకాణం బిల్లులు, కూలి పుస్తకాలు కూడబెడుతున్నాం. మిగతా తీర మండలాల సంఘాలు కూడా ఈ పని చేపట్టాలి. రేపు ఏ దేశం నుంచి ఎవరు తనిఖీకి వచ్చినా, బూట్లూ టోపీలూ చూపించేవాళ్ళ కంటే ముందు ఆ చీటీలు పట్టుకుని మనం ఎదురుపోవాలి.