సాండర్‌కు గొట్టం తగిలించాకే పని మొదలవ్వాలి

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా కొత్త ఫ్లాట్లలో ఇంటీరియర్ పని జరిగే తీరు ఒక్కటే. డ్యూకో పెయింట్ వేయబోయే ఎండీఎఫ్ తలుపు మీద చేతి సాండర్ గిర్రున తిరుగుతుంటుంది. దాని వెనక అరచేయంత గుడ్డ సంచి వేలాడుతుంటుంది. పనివాడు కనుబొమల దాకా తెల్లబడి ఉంటాడు, ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకుంటాడు. సాయంత్రం గది ఊడ్చేస్తారు. వేరే ఊళ్ల నుంచి వచ్చిన కార్పెంటర్లు చాలామంది రాత్రికి అక్కడే చాప పరుచుకుంటారు.

కంటికి కనిపించే పొట్టు వల్ల పెద్ద ప్రమాదం లేదు, అది నేల మీద పడిపోతుంది. భయపడాల్సింది కనిపించని దానికి. కదలని గాలిలో, నీటంత సాంద్రత ఉన్న 10 మైక్రాన్ల రేణువు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి నేలకు దిగడానికి సుమారు 8 నిమిషాలు చాలు. 1 మైక్రాన్ రేణువుకు దాదాపు 12 గంటలు కావాలి. అంటే ఊడ్చేసి పడుకున్న గదిలో తెల్లవార్లూ పగటి దుమ్మే గాలిలో ఉంటుంది. పొడి చీపురు దాన్ని మళ్లీ లేపుతుంది కూడా.

ఇది తుమ్ములతో పోయేది కాదు. ఇంగ్లండ్‌లో కుర్చీల తయారీకి పేరుపడ్డ హై వికోంబ్ ప్రాంతంలో, ఫర్నిచర్ కార్మికుల్లో అరుదైన నాసికా క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని ముక్కు, చెవి, గొంతు వైద్యురాలు ఎస్మీ హాడ్‌ఫీల్డ్ 1960లలో గమనించారు. డొనాల్డ్ ఎచిసన్ తదితరులతో కలిసి ఆమె చేసిన పరిశోధన 1968లో వెలువడింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. ఎండీఎఫ్‌ను అతికించే జిగురులో సాధారణంగా ఉండే ఫార్మాల్డిహైడ్ కూడా ఇప్పుడు అదే వర్గంలో ఉంది.

మరి సాండర్‌తో వచ్చే సంచి? మోటారుతో పాటే తిరిగే చిన్న ఫ్యాన్ దుమ్మును ఆ సంచిలోకి ఊదుతుంది. ముతక పొడి లోపల నిలుస్తుంది, సన్నటిది నేతలోంచి బయటికి పోతుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరేది ఆ సన్నటిదే. సంచి తీసేసి, అక్కడ వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలిస్తే కథ మారుతుంది. సాండర్ అడుగు ప్యాడ్‌కున్న రంధ్రాల గుండా గాలి లోపలికి లాగబడి, దుమ్ము పుట్టిన చోటే పట్టుబడుతుంది. ఒక్క షరతు: సాండ్‌పేపర్ రంధ్రాలు ప్యాడ్ రంధ్రాలతో సరిగ్గా కలవాలి. చవకగా వస్తుందని రంధ్రాల్లేని కాగితం అంటిస్తే ఎంత ఖరీదైన వ్యాక్యూమ్ ఉన్నా దండగే.

వ్యాక్యూమ్ అంటే ఏదో ఒకటని కాదు. ఇంట్లో వాడే గుడ్డసంచి రకం సన్నటి దుమ్మును వెనక నుంచి మళ్లీ గదిలోకే ఊదుతుంది. యూరప్‌లో చెక్క దుమ్ముకు వాడే ఎం తరగతి యంత్రాలు కనీసం 99.9 శాతం దుమ్మును ఆపాలి. మన మార్కెట్లో ఆ ముద్ర కనిపించకపోతే, హెపా ఫిల్టర్ ఉన్నది ఎంచుకోవడం మేలు. సాండర్ దుమ్ము ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది. మధ్యలో ఒక సైక్లోన్ డబ్బా పెడితే ముతక పొడి సుడి తిరిగి అందులోనే పడిపోతుంది, ఫిల్టర్ ఎక్కువసేపు పనిచేస్తుంది. లాగే బలం మరీ ఎక్కువైతే సాండర్ తలుపుకు అతుక్కుని గుండ్రటి గీతలు పెడుతుంది. అప్పుడు గొట్టం మీదున్న గాలి కిటికీని కాస్త తెరవాలి. పొడి గాలి ప్లాస్టిక్ గొట్టంలో పరుగెత్తితే స్థిర విద్యుత్తు పుట్టి చేతికి చురుక్కుమంటుంది. యాంటీస్టాటిక్ గొట్టాలు ఉన్నది అందుకే. ఇనుము గ్రైండింగ్‌కు మాత్రం ఈ డబ్బాను వాడకూడదు. చెక్కపొడిలో నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది.

మాస్కు ఉండగా ఇదంతా ఎందుకని కాంట్రాక్టర్లు అడుగుతారు. మాస్కు కావాలి, అంచులు చేత్తో రుద్దేటప్పుడు మరీ కావాలి. కానీ మే నెల ఎండలో కరెంటు ఫ్యాన్ కూడా లేని గదిలో ఎనిమిది గంటలు ఎన్95 బిగించుకుని పనిచేయమనడం చెప్పినంత సులువు కాదు. పైగా మాస్కు తీశాక, నిద్రపోయే వేళ, అది కాపాడేదేమీ లేదు. దుమ్మును అది పుట్టిన చోటుకు వీలైనంత దగ్గరలోనే లాగేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. మూడో అంతస్తులోని రెండు పడకగదుల ఫ్లాట్ ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ మాట అక్కడి దాకా చేరలేదు.

అందువల్ల ఈ ఖర్చు కార్పెంటర్ రోజు కూలీలోంచి కాక, ఇంటి యజమానికిచ్చే కొటేషన్‌లోంచే రావాలి. లక్షల్లో నడిచే పనిలో ప్లైవుడ్‌కు, హింజీలకు విడివిడిగా లెక్క రాసినప్పుడు, వ్యాక్యూమ్‌కూ ఫిల్టర్లకూ ఒక వరుస రాయడం కష్టం కాదు. యజమానులు అడిగితేనే అది కాగితం మీదికి వస్తుంది.

తయారీదారుల బాధ్యత వేరే ఉంది. ఒక కంపెనీ సాండర్ మూతి ఇంకో కంపెనీ గొట్టానికి పట్టదు. మూతి కొలతకు ఒకే ప్రమాణం ఉంటే ఈ బాధ తప్పేది. అంతవరకు పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, రెండు వైపులా క్లాంపు బిగించడమే దారి. గాలి లీకవకుండా అది బాగానే పట్టి ఉంచుతుంది.