అభ్యంతరం వేరు, సమ్మతి ఇవ్వకపోవడం వేరు

ఊరి మీదకి ఏదైనా ప్రాజెక్టు వస్తోందంటే ఇంగ్లీషులో అర్జీ రాసే పని చదువుకున్న మన పిల్లల మీదే పడుతుంది. సీతంపేట నుంచి సాలూరు దాకా ఇదే తంతు. తమ్ముడూ, చెల్లీ, పెద్దలు "భూమి ఇవ్వం" అన్న మాటకి మీరు ఏ ఇంగ్లీషు మాట రాస్తున్నారో ఒక్కసారి చూసుకోండి.

'కన్సర్న్' అని రాస్తే అది బెంగ. బెంగపడ్డోడికి ధైర్యం చెప్తే సరిపోతుంది. పర్యావరణ అనుమతి కోసం 2006 నోటిఫికేషన్ కింద పెట్టే ప్రజాభిప్రాయ సేకరణలో జరిగేది ఇదే. దుమ్ము లేస్తుందని మనం అంటాం, నీళ్లు చల్లుతామని వాళ్లు జవాబు రాస్తారు, ఫైలు ముందుకెళ్తుంది.

'ఆబ్జెక్షన్' అంటే అభ్యంతరం. 2013 భూసేకరణ చట్టం 15వ సెక్షన్ కింద 60 రోజుల్లోగా ఇవ్వాలి. ఇవ్వాల్సిందే, గడువు ఒగ్గేయకూడదు. కానీ విని రిపోర్టు పంపేది కలెక్టరు, తేల్చేది ప్రభుత్వం. మనం అడిగినోళ్లమే అవుతాం.

'అపోజ్' అంటే వ్యతిరేకిస్తున్నాం అని. బ్యానరు మీదకి మంచి మాటే. అయితే అది మన మనసు చెప్తుంది గానీ ఊరి నిర్ణయం చెప్పదు.

అదే చట్టం 41వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: 'కన్సెంట్', అంటే సమ్మతి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలి. 1996 పెసా చట్టం భూసేకరణ దగ్గర 'కన్సల్ట్' అని మాత్రమే అంది, అంటే సంప్రదించడం. "గ్రామసభని కన్సల్ట్ చేశాం" అని కాగితంలో ఉంటే అడిగారనే అర్థం, ఒప్పుకున్నామని కాదు. ఈ తేడా తెలియకుండా సంతకం పెట్టొద్దు.

మన పార్వతీపురం అవతల రాయగడ, కలహండి జిల్లాల్లో నియమగిరి ఉంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడ 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైటు తవ్వకాన్ని తిరస్కరించాయి. 2014లో కేంద్రం అటవీ అనుమతి నిరాకరించింది. ఏళ్ల పోరాటం దాని వెనక ఉంది, నిజమే. కానీ ఆ పోరాటం చివరికి కాగితం మీద 'కన్సర్న్' అని రాసుకోలేదు.

ఒక్క మాటతో బుల్డోజరు ఆగుతుందా అని అడుగుతారు. ఆగదు. కానీ మెత్తటి మాట రాసిస్తే, రేపు ఆ కాగితమే మనకి అడ్డం తిరుగుతుంది.

అందుకే తీర్మానం ముందు తెలుగులో రాయండి. సవరలోనో కువిలోనో పెద్దలకి చదివి వినిపించండి. వేలిముద్ర ఆ తర్వాతే. అటవీ హక్కుల చట్టం కింద పెట్టే గ్రామసభకి సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఆ లెక్క తీర్మానంలో రాయండి. ఇంగ్లీషులో 'రెఫ్యూజెస్ కన్సెంట్' అనే రాయండి, అంటే సమ్మతి నిరాకరిస్తున్నాం అని.

షెడ్యూల్‌లో చేరని మన ఊళ్లకి ఈ 41వ సెక్షన్ రక్షణ లేదు. ఆ ఊళ్లని షెడ్యూల్‌లో చేర్చమనే డిమాండు ఎందుకు అంత ముఖ్యమో ఇప్పుడు అర్థమైంది కదా. 'ఇవ్వం' అనే మాటకి చట్టంలో బలం ఉండాలంటే ముందు ఆ ఊరి పేరు షెడ్యూల్‌లో ఉండాలి.