మందిరం ముంగిట మూడు మెట్లు

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు ఆ చుట్టుప్రక్కల రాళ్ల గుట్టలే ఎక్కువ. నేడు ఆ గుట్టల నడుమ అద్దాల మేడలు లేచినవి. వాటికి వాలుబాటలున్నవి, లిఫ్టులున్నవి. 2019లో హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం వరకు వచ్చిన మెట్రో స్టేషనులలోను లిఫ్టులున్నవి; చూపులేనివారు పాదంతో తడిమి నడువగల గరుకు పలకల బాటలున్నవి. వీథుల సంగతి అటుంచితే, చక్రాల కుర్చీలోని ఉద్యోగి సోమవారం నాడు ఒకరి చేయి కోరకుండ తన బల్ల వద్దకు చేరవచ్చును.

ఆ ఉద్యోగియే ఆదివారం ఆరాధనకు పోదలచితే? ఈ ప్రాంతపు క్రొత్త క్రైస్తవ సంఘాలు కొన్ని అద్దె భవనాల పై అంతస్తులలో కూడుతున్నవి. పాత మందిరాలకేమో ఎత్తైన అరుగులు, రాతి మెట్లు. నేనెరిగిన మందిరానికి మెట్లు మూడే. ప్రతి ఆదివారం నలుగురు యువకులు ఒక సోదరిని కుర్చీతో సహా ఎత్తి లోపలికి చేర్చేవారు. చూచేవారి కన్నులు చెమర్చేవి. కొంతకాలానికి ఆమె రావడం మానినది. కారణమడిగితే, "ప్రేమతోనే ఎత్తేవారు మాస్టారూ! కాని ఆ నలుగురిలో ఒకరు ఊరికి పోతే నాకు ఆదివారమే లేదు" అన్నది.

ఆ మాట విన్నప్పటి నుండి మార్కు సువార్తలోని ఒక ఘట్టం నాకు మరొక విధంగా తోస్తున్నది. కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొని వస్తారు. గుంపు వల్ల ద్వారం దొరకక, ఇంటి కప్పు విప్పి లోపలికి దింపుతారు. ఆ నలుగురి విశ్వాసాన్ని మన ఉపదేశకులు తరతరాలుగా కొనియాడుతున్నారు, కొనియాడదగినదే. ద్వారానికి అడ్డుగా నిలిచిన గుంపును గూర్చి ప్రసంగించినవారు మాత్రం అరుదు. అది దుష్టుల గుంపు కాదు, వాక్యం వినవచ్చిన వారి గుంపు. అయినా దారి మూసినది వారే.

సేవాభావానికి మన క్రైస్తవ సమాజంలో కొరత లేదు. కుష్ఠురోగులను ఊరు వెలివేసిన కాలంలో, 1915లో, డిచ్‌పల్లిలో వారికొక ఆసుపత్రిని నెలకొల్పిన ఇసబెల్ కెర్ వంటి వైద్యురాలి చరిత్ర మనకున్నది. కాని సేవ పొందేవాడు వేరు, సంఘంలో పాలుగలవాడు వేరు. వికలాంగుడు కనబడగానే స్వస్థతకై ప్రార్థింతుమని ముందుకు వచ్చేవారు పదిమంది. నడక రాకపోతే విశ్వాసం చాలలేదనేవారు ఇద్దరు. లేఖనం చదువుమని, పాట నడిపింపుమని, సంఘ పెద్దగా నిలువుమని అడిగేవారేరి? వేదికకు సైతం మెట్లే కదా!

ఇది దయాధర్మాల విషయమని ఇంకను తలచేవారు చట్టాన్ని చూడవలె. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజోపయోగ భవనాన్ని నిర్వచిస్తూ మత కార్యాలకు వాడే ప్రైవేటు భవనాలను గూడ చేర్చినది. ఈ లెక్కలో గుడి, మసీదు, చర్చి ఒకటే. సౌకర్య ప్రమాణాలను కేవలం సలహాలుగా విడిచిన నియమం ఆ చట్టానికి విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ విచారణలో కోర్టుకు నివేదిక సమర్పించినది మన నగరపు చెంతనే, శామీర్‌పేటలో ఉన్న నల్సార్ విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రమే.

ఖర్చు మాటా? వాలుబాటకు ప్రమాణం పన్నెండుకు ఒకటి. ఆరేసి అంగుళాల మూడు మెట్లకు పదునెనిమిది అడుగుల బాట చాలును. చెవులు పగిలే లౌడుస్పీకర్లకు వెచ్చించేవారికి ఇది భారమా? బల్లల వరుసలో ఒక కుర్చీకి చోటు విడువడానికి, పెద్ద అక్షరాలతో పాటల ప్రతులు అచ్చువేయడానికి అయ్యేదెంత? బధిరుల సంజ్ఞాభాషను సంఘంలో ఇద్దరు యువకులు నేర్చినా ఉపదేశం మరి కొందరికి అందుతుంది. పై అంతస్తులో కూడే సంఘం అద్దె ఒప్పందానికి ముందు లిఫ్టు ఉన్నదా అని అడుగవచ్చును. వాహనాలు నిలిపే చోటును గూర్చి అడుగుతున్నాము కదా!

"మా సంఘంలో అట్టివారు లేరండీ" అని కొందరు పెద్దలంటారు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశంలో వికలాంగులు 22 లక్షలకు పైబడినారు. వారిలో మన ఇరుగుపొరుగువారు లేరా? లేనందువల్ల రావడం లేదో, మెట్లున్నందువల్ల రాలేకున్నారో విచారించవలె.

కపెర్నహూములో ఆ నలుగురు ఒకనాడు కప్పు విప్పినారు. ప్రతి ఆదివారం విప్పుమని ఎవరినీ అడుగలేము. అందుకు బదులు గుంపులోనివారు కొంచెం ప్రక్కకు జరిగి, ముంగిట ఒక బాట వేస్తే చాలును. ఆనాడు ఆ సోదరి తనంత తాను లోపలికి వస్తుంది. తనకు తోచినప్పుడు ఇంటికి పోతుంది. మనమందరము చేస్తున్నదీ అంతే కదా!