కారప్పొడి నడిచే దారి

ఈ నెలా వంటింటి కబుర్లే, కాకపోతే కాస్త పెద్ద వంటిల్లు. మేముండే మిషిగన్‌లో మాకు బాగా తెలిసిన అక్క ఒకావిడ ఆరేళ్లుగా గంటల లెక్కన కమర్షియల్ కిచెన్ అద్దెకు తీసుకుని కందిపొడి, కారప్పొడి, పల్లీపొడి, నువ్వులపొడి చేసి అమ్ముతున్నారు. ఇప్పుడు సొంతంగా ఒక చోటు లీజుకు తీసుకోబోతున్నారు. మూడేళ్ల ఒప్పందం. దాచుకున్న డబ్బంతా అందులోకే పోతుంది. చూసినవి రెండు. మొదటిది 1,500 చదరపు అడుగులు, ఒకటే తలుపు. రెండోది 1,100, ముందొక తలుపు, వెనకొక తలుపు. అద్దె ఇంచుమించు సమానం.

"పెద్దదే నయం కదమ్మా?" అన్నారు అక్క.

నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. మా వారు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇండస్ట్రియల్ ఇంజినీరు కాబట్టి లేఅవుట్ అనే మాట మా ఇంట్లో రోజూ వినపడుతుంది. "చోటు ఎంతుందని తర్వాత చూడండి, ముందు సరుకు ఎటు నడుస్తుందో గీయండి" అన్నారాయన. ఆ మాట పుట్టిన ఊళ్లలో మాదీ ఒకటి అనుకోవచ్చు. ఇక్కడి హైలాండ్ పార్క్‌లో 1913లో ఫోర్డ్ కంపెనీ కారు ఛాసిస్‌నే మనుషుల దగ్గరికి కదిలించడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒక ఛాసిస్ బిగించడానికి 12 గంటలు దాటేది. కొన్ని నెలల్లో అది 93 నిమిషాలకు దిగింది. పనిని చిన్న చిన్న ముక్కలుగా పంచి, మనిషి నడక తగ్గించడం అందులో పెద్ద భాగం.

సరే, గ్రాఫ్ కాగితం తీసుకుని కూర్చున్నాం. కందిపొడి దారి ఇది: బస్తాలు దిగే చోటు, నిల్వ, ఏరడం, వేయించడం, చల్లార్చడం, పట్టడం, కలపడం, ప్యాకింగ్, బయటికి. తొమ్మిది మజిలీలు. రెండు చోట్లకీ ఈ దారి గీసి అడుగులు కొలిచాం. పెద్ద దాంట్లో పొగ లాగే హుడ్ వెనక గోడకుంది, తలుపేమో ముందు. ఒక్క వాయి పప్పు తలుపులోంచి వచ్చి పొడై మళ్లీ తలుపు చేరడానికి 210 అడుగులు. చిన్న దాంట్లో వెనక తలుపులో వచ్చింది ముందు తలుపులో పోతుంది, 80 అడుగులు. రోజుకు 12 వాయిలు, ఖాళీ చేతులతో తిరిగిరావడం కూడా కలిపితే పెద్ద దాంట్లో 5,040 అడుగులు, అంటే మైలుకు కాస్త తక్కువ. చిన్న దాంట్లో 1,920. అక్కకు యాభై దాటాయి, మోకాళ్లు ఇప్పటికే మాట వినడం లేదు.

తర్వాతి లెక్క ఇరుగుపొరుగులది. రిచర్డ్ మ్యూథర్ అనే ఆయన 1960ల నాటికే దీనికో పట్టిక తయారుచేశారు. ఏ రెండు పనులు పక్కపక్కన ఉండాలి, ఏవి ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు, ఏవి అసలు కలవకూడదు అని ప్రతి జంటకూ ఒక అక్షరం వేస్తారు. వేయించే పొయ్యి పక్కన చల్లార్చే అరలు తప్పనిసరి. వేడి పప్పు పడితే ఆవిరికి పొడి ఉండకడుతుంది. మిరపకాయలు పట్టే మిల్లు పక్కన ప్యాకింగ్ అసలు ఉండకూడదు. గాల్లో తేలే కారం కవరు మూతి మీద పడితే సీలు సరిగా అంటుకోదు. పట్టడానికి తలుపున్న గది కావాలి.

నువ్వులు, పల్లీల సంగతి మరీ ముఖ్యం. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం, లేబుల్ మీద చెప్పి తీరాలి. పల్లీలు ముందునుంచే ఆ జాబితాలో ఉన్నాయి. కెనడా, బ్రిటన్‌లలో ఉండే పాఠకులు ఆవాలను కూడా గుర్తుపెట్టుకోవాలి. వచ్చే సరుకూ పోయే సరుకూ ఒకే నడవలో ఎదురుపడితే నువ్వుల బస్తా కందిపొడి డబ్బాలను రాసుకుంటూ పోతుంది. అందుకే నువ్వులకు వేరే అర, వేరే గరిటెలు. కందిపొడి పొద్దున, నువ్వులపొడి చివర్న, ఆపైన మిల్లు విప్పి కడగడం.

ఇక చోటు లెక్క. అక్క మిల్లు 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. ఆక్రమించేది 6 చదరపు అడుగులే. మనిషి నిలబడడానికి ముందు 9, వెనక మోటారు తుడవడానికి 3, పట్టాల్సిన డబ్బా ఒకటి, పట్టిన డబ్బా ఒకటి కలిపి 8. మొత్తం 26. యంత్రం కొలత చూసి చోటు ఎంచుకుంటే ఎక్కడ ఇరుక్కుంటామో దీన్నిబట్టే తెలుస్తుంది. అందరూ మర్చిపోయేది ఇలా ఎదురుచూసే సరుకు కూర్చునే చోటే. అన్ని మజిలీలకూ ఇలాగే లెక్కేస్తే 720 వచ్చింది. దారులకు అందులో మూడో వంతు, 240. మొత్తం 960. 1,100లో పడుతుంది, ఇంకా 140 మిగులుతుంది.

"మరి ఆవకాయ?" అన్నారు అక్క. వేసవిలో ఆవకాయ కూడా మొదలుపెట్టాలన్నది ఆవిడ చిరకాలపు ఆశ. జాడీలు, కాయలు కడిగి ఆరబెట్టే బల్లలు, ఊరే రోజులు. ఆ 140లో ఇవేవీ పట్టవు. పెద్ద చోటైతే పడతాయి, కానీ హుడ్ ముందుకు జరిపించి, ఇంకో తలుపు కొట్టించాలి. గోడ పగలగొట్టడం, గొట్టాలు, కరెంటు పని, ఇదంతా అద్దె చోటులో మన డబ్బుతో. రెండు కంపెనీలను అడిగాక ఆ ఆలోచన విరమించుకున్నారు. యంత్రాలను ఎప్పుడైనా జరుపుకోవచ్చు. హుడ్, డ్రైనేజీ, తలుపులు అంత సులువుగా జరగవు. చోటు చూడ్డానికి వెళితే మొదట వాటినే చూడండి.

అక్క చిన్నదానికే మొగ్గారు. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు. ఇక్కడ లైసెన్సు ఇచ్చే రాష్ట్ర వ్యవసాయ శాఖ వాళ్లకు ముందు ప్లాను చూపించి, వాళ్లు సరేనన్నాకే అడుగు వేయాలని నిర్ణయించుకున్నారు. ఆవకాయ రెండేళ్లు ఆగుతుంది. చెప్పేటప్పుడు ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది, ఆ మాట దాచను.

మీలో ఎవరైనా స్వీట్ల పనో, పచ్చళ్ల పనో, కుట్టుపనో ఇంటి గరాజ్ నుంచి బయటికి తీసుకెళ్లే ఆలోచనలో ఉంటే ఒక కాగితం, ఒక టేపు, ఒక పెన్సిలు చాలు. ఎక్కువగా అమ్ముడుపోయే వస్తువు ఒక్కటి తీసుకుని దాని దారి గీయండి. గీతలు ఒకదాన్నొకటి కోసుకునే ప్రతిచోటా ఒక చుక్క పెట్టండి. చుక్కలు ఎన్ని వచ్చాయో నాకు రాయండి, వచ్చే నెల వాటి గురించి మాట్లాడుకుందాం.